అడిగినవాళ్లకే తీర్పు

(సోలాపూర్‌లో యూనియన్ కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



సుప్రీంకోర్టు ఈ మధ్య ఇచ్చిన తీర్పుల గురించి మాట్లాడమని కమిటీ నాకు పని అప్పగించింది. నేను వకీలును కాను, మగ్గం నడిపినవాణ్ణి. తీర్పుల్ని తెలిసినవాళ్లతో చదివించుకుని, అర్థంకానిది అడిగి తెలుసుకుని వచ్చాను. అందుకని సెక్షన్ నంబర్లు చెప్పి మిమ్మల్ని విసిగించను. కోర్టుకు పోయిందెవరు, వాళ్లకు దక్కిందేమిటి, మనకు పనికొచ్చేదేమిటి, ఈ మూడే చెబుతాను. మనకు ఎదురు వచ్చిన తీర్పుల్ని కూడా దాచను.

దారిలో చావు ఎవరి ఖాతా?

మొదట నా తప్పుతోనే మొదలుపెడతాను. 2004 వానాకాలంలో మా కార్ఖానాలో నా పక్క మగ్గం నడిపే అన్న, రాత్రి పాళీకి సైకిల్ మీద వస్తూ లారీ కింద పడి చనిపోయాడు. సేటు దగ్గరికి పోయాం. "గేటు బయట జరిగినదానికి నాకేం సంబంధం?" అన్నాడు. దినాల ఖర్చుకని కొంత డబ్బు చేతిలో పెట్టి పంపాడు. వదినె మా యూనియన్ ఆఫీసుకు వచ్చి అడిగింది. "వదినె, గేటు లోపల జరిగితేనే నష్టపరిహారం. చట్టం అంతే" అని చెప్పింది నేనే. ఆమె మారు మాట్లాడకుండా వెళ్లిపోయింది. బీడీలు చుట్టి ఇద్దరు పిల్లల్ని పెంచింది.

నేను చెప్పింది అబద్ధం కాదు. 1996లో సుప్రీంకోర్టు అలాగే చెప్పింది. 1971లో ఒక కార్మికుడు సైకిల్ మీద పనికి పోతుంటే, ఫ్యాక్టరీకి ఇంకా కిలోమీటరు దూరం ఉండగా లారీ గుద్దింది. పావుగంటలో పాళీ మొదలయ్యే వేళ. ఆ లారీ కూడా అతని యాజమాన్యానిదే. ఈఎస్ఐ డబ్బు కోసం నడిచిన ఆ కేసు పాతికేళ్లకు తేలింది. రోడ్డు మీద తగిలిన దెబ్బ పనిలో తగిలిన దెబ్బ కాదన్నారు. ఆ తీర్పును చూసే దారిలో జరిగిన ప్రమాదాల కేసులు మా యూనియన్ వదిలేసుకుంది.

అయితే మన సోలాపూర్ పక్క జిల్లాలోనే, ఉస్మానాబాద్ వైపు, ఒక ఇల్లాలు వదిలిపెట్టలేదు. ఆమె భర్త చక్కెర ఫ్యాక్టరీలో వాచ్‌మన్. తెల్లవారుజామున మూడు గంటల నుంచి పదకొండు దాకా డ్యూటీ. 2003 ఏప్రిల్ 22న మోటారు సైకిల్ మీద డ్యూటీకి పోతూ, ఫ్యాక్టరీకి అయిదు కిలోమీటర్ల దూరంలో ప్రమాదం జరిగి చనిపోయాడు. భార్య, నలుగురు పిల్లలు, ముసలి తల్లి మిగిలారు. ఆమె నష్టపరిహారం కమిషనర్ దగ్గర దావా వేసింది. 2009లో కమిషనర్ 3,26,140 రూపాయలు, ఏటా 12 శాతం వడ్డీతో ఇవ్వాలన్నాడు. ఇన్సూరెన్స్ కంపెనీ హైకోర్టుకు పోయింది. 2011లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆమె సుప్రీంకోర్టుకు పోయింది. 2025 జూలై 29న జస్టిస్ మనోజ్ మిశ్రా, జస్టిస్ కె.వి. విశ్వనాథన్‌ల బెంచి కమిషనర్ తీర్పునే నిలబెట్టింది.

కోర్టు చెప్పిన కారణం గుర్తుపెట్టుకోవలసింది. 2010లో ఈఎస్ఐ చట్టానికి ఒక సవరణ వచ్చింది. ఇంటి నుంచి పనికి పోయేటప్పుడు, పని నుంచి ఇంటికి వచ్చేటప్పుడు జరిగిన ప్రమాదం కూడా పనిలో జరిగినట్టే అని. ఆ సవరణ చట్టంలో ఉన్న అనుమానాన్ని తీర్చడానికే వచ్చింది కనుక వెనకటి ప్రమాదాలకు కూడా వర్తిస్తుందని, నష్టపరిహార చట్టాన్ని కూడా అదే తీరున చదవాలని కోర్టు చెప్పింది. ఒక్క షరతు ఉంది. ప్రమాదం జరిగిన వేళ, చోటు, పరిస్థితి ఉద్యోగంతో ముడిపడి ఉండాలి. డ్యూటీ దిగి సినిమాకు పోయి వస్తూ పడితే ఈ తీర్పు పనికిరాదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో కూడా రాకపోకల ప్రమాదాలకు చోటుంది.

ఈ తీర్పు విన్నాక వదినె దగ్గరికి పోయాను. అంతా చెప్పాను. ఆమె విని ఒక్కటే అడిగింది: "అప్పుడు ఒక కాయిదం రాసి పెట్టి ఉంటే పోయేదేముండె తమ్మీ?" నా దగ్గర జవాబు లేదు. ఇద్దరు భర్తలు చనిపోయిందీ ఏడాది తేడాతోనే, ఇద్దరికీ ఉన్నదీ ఒకే చట్టం. ఒకామె దావా వేసింది, ఇంకొకామెకు నేను వద్దని చెప్పాను. పాత చట్టంలో దావాకు రెండేళ్ల గడువు. తగిన కారణం చూపితే కమిషనర్ ఆలస్యాన్ని మన్నించవచ్చు. ఇన్నేళ్ల తర్వాత మన్నిస్తారని ఆమెకు నేను మాట ఇవ్వలేదు, మీకూ ఇవ్వను. కానీ ఈసారి కాయిదం రాసి పెట్టాం.

పన్నెండు గంటల పని

రెండోది పని గంటలు. 2020 ఏప్రిల్‌లో, కరోనా లాక్‌డౌన్‌లో, గుజరాత్ ప్రభుత్వం ఒక నోటిఫికేషన్ తెచ్చింది. ఫ్యాక్టరీల్లో రోజుకు పన్నెండు గంటలు, వారానికి 72 గంటలు పని చేయించుకోవచ్చునని, ఎక్కువ గంటలకు రెట్టింపు ఇవ్వనక్కరలేదని, మామూలు లెక్కన ఇస్తే చాలునని.

లెక్క వేసి చూడండి. గంటకు 50 రూపాయలు పగార్ అనుకుందాం. వారానికి 48 గంటలు పోగా మిగిలిన 24 గంటలకు రెట్టింపు లెక్కన 2400 రావాలి. నోటిఫికేషన్ లెక్కన 1200 వస్తుంది. ఒక్కో కార్మికుడి నుంచి వారానికి 1200 తీసి యజమాని జేబులో వేసినట్టే.

దీని మీద గుజరాత్ మజ్దూర్ సభ సుప్రీంకోర్టుకు పోయింది. 2020 అక్టోబరు 1న జస్టిస్ చంద్రచూడ్ నాయకత్వంలోని ముగ్గురు జడ్జీల బెంచి ఆ నోటిఫికేషన్లను కొట్టేసింది. దేశ భద్రతకు ముప్పు వస్తే వాడుకోవలసిన అధికారాన్ని యజమానుల నష్టం పూడ్చడానికి వాడకూడదన్నది. ఆ కాలంలో పని చేసినవాళ్లకు రెట్టింపు ఓటీ కట్టి ఇవ్వమన్నది.

ఇక్కడితో సంబరపడకండి. కోర్టు ఆపింది నోటిఫికేషన్‌ను. చట్టాన్నే మార్చుకునే దారి ప్రభుత్వాలకు ఉండనే ఉంది. 2023లో కర్ణాటక ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి రోజుకు పన్నెండు గంటల దాకా దారి తెరిచింది. అదే ఏడాది ఏప్రిల్‌లో తమిళనాడు అసెంబ్లీలో కూడా అలాంటి బిల్లే నెగ్గింది. అక్కడ యూనియన్లు ఏకమై గట్టిగా నిలబడితే మే డే నాడు ముఖ్యమంత్రి దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఒకచోట కోర్టు ఆపింది, ఒకచోట కార్మికులు ఆపారు, ఒకచోట ఎవరూ ఆపలేకపోయారు. కొత్త కోడ్‌లో కూడా ఓటీకి రెట్టింపు ఇవ్వాలనే ఉంది. మన కార్ఖానాల్లో ఎన్నింటిలో ఇస్తున్నారో మీకే తెలుసు.

పదేళ్లయినా టెంపరరీయే

మూడోది టెంపరరీ వాళ్ల సంగతి. కేంద్ర జల సంఘం ఫరీదాబాద్ ఆఫీసులో ఊడ్చేవాళ్లు, తోటపని చేసేవాళ్లు ఏళ్ల తరబడి పని చేశారు. 2018లో నోటీసు లేకుండా తీసేశారు. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి తీసుకుని పర్మనెంటు చేయమన్నది. దొడ్డిదారి నియామకాలు ఆపడానికి 2006లో ఇచ్చిన ఉమాదేవి తీర్పును, ఏళ్లుగా పని చేసినవాళ్ల నోరు మూయించడానికి వాడుతున్నారని తప్పుపట్టింది.

రెండు నెలలు తిరక్కుండానే, 2025 జనవరి 31న, ఘాజియాబాద్ మునిసిపాలిటీ తోటమాలుల కేసు తేలింది. వాళ్లను తీసేసింది 2005లో. "వాళ్లు మావాళ్లు కారు, కాంట్రాక్టరు మనుషులు" అన్నది మునిసిపాలిటీ. ఆ కాంట్రాక్టుకు కాయితాలు చూపలేకపోయింది. తిరిగి పనిలోకి తీసుకోవాలని, పోయిన పగార్‌లో సగం కట్టివ్వాలని తీర్పు వచ్చింది.

మొదటి తీర్పు ప్రభుత్వ ఆఫీసుల వాళ్లకు. సేటు కార్ఖానాలో దాన్ని చూపించి పర్మనెంటు చేయమంటే కుదరదు. కానీ రెండోదాని పాఠం మనకూ పనికొస్తుంది. "కాంట్రాక్టరు మనిషి" అని నోటితో అంటే చాలదు, యాజమాన్యం కాయితం చూపాలి.

పెన్షను, గ్రాట్యుటీ

2022 నవంబరు 4న పెన్షను తీర్పు వచ్చింది. పూర్తి పగార్ మీద పీఎఫ్ కట్టినవాళ్లు ఎక్కువ పెన్షను కోరుకోవడానికి మళ్లీ నాలుగు నెలలు గడువిచ్చింది. కానీ 2014 సెప్టెంబరు 1కి ముందే రిటైరై, అప్పటికి ఆప్షన్ ఇవ్వనివాళ్లకు ఏమీ లేదన్నది. మూతపడ్డ మిల్లుల నుంచి బయటికొచ్చిన మన పెద్దలు చాలామంది ఆ గీతకు అవతలే ఉండిపోయారు. 2014లో కనీస పెన్షను వెయ్యి రూపాయలన్నారు. వాళ్ల కోసం పోరాడవలసింది కోర్టులో కాదు, ఢిల్లీలో ప్రభుత్వంతో.

గ్రాట్యుటీ మీద 2025 ఫిబ్రవరి 17న వచ్చింది మనకు ఎదురు తీర్పే. నీతిమాలిన నేరం కిందికి వచ్చే తప్పు చేశాడని గ్రాట్యుటీ ఆపాలంటే క్రిమినల్ కోర్టులో శిక్ష పడాలని ఇన్నాళ్లూ వాదించేవాళ్లం. అక్కరలేదు, డిపార్ట్‌మెంటు విచారణలో రుజువైతే చాలన్నది కోర్టు. అదే తీర్పులో టికెట్ డబ్బుల కేసుల్లో ఉద్యోగం పోయిన మహారాష్ట్ర ఆర్టీసీ కండక్టర్ల విషయంలో మాత్రం నాలుగో వంతే ఆపమన్నది. కనుక ఛార్జిషీటు వస్తే నిర్లక్ష్యం చేయకండి. రాతపూర్వకంగా జవాబివ్వండి. విచారణకు ఒంటరిగా పోకండి.

ఇల్లు, అరెస్టు, భాష

కార్ఖానా బయటి సంగతులు మూడు. 2024 నవంబరు 13న బుల్డోజర్ల మీద తీర్పు వచ్చింది. ఇంట్లో ఒకడి మీద కేసు ఉందని ఆ ఇల్లు కూల్చకూడదు. కూల్చే ముందు 15 రోజుల నోటీసు, చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఉల్లంఘించిన అధికారి సొంత డబ్బుతో కట్టివ్వవలసి వస్తుంది. అయితే రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క కట్టుకున్నవాటికి ఈ రక్షణ లేదు. పట్టాల వెంబడి గుడిసెల్లో ఉన్నవాళ్లు ఇది మరవొద్దు.

2025 నవంబరు 6న, మహారాష్ట్ర నుంచే వెళ్లిన కేసులో, అరెస్టు చేస్తే కారణాలు రాసి ఇవ్వాలని, అదీ ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని చెప్పింది. వెంటనే కుదరకపోతే నోటితో చెప్పి, మేజిస్ట్రేటు ముందు పెట్టడానికి కనీసం రెండు గంటల ముందు రాసి ఇవ్వాలి. తెలుగు తప్ప చదవడం రానివాళ్లు మన పేటలో ఇంకా ఉన్నారు. సమ్మె రోజుల్లో చదవకుండా వేలిముద్ర వేసినవాళ్లూ ఉన్నారు. "నా భాషలో రాసివ్వండి" అని అడిగే హక్కు ఇప్పుడుంది.

భాష మాటే వచ్చింది కనుక ఇంకొకటి. అకోలా జిల్లా పాతూరులో మునిసిపాలిటీ బోర్డు మీద మరాఠీ కింద ఉర్దూ ఉండకూడదని కేసు వేశారు. 2025 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ఉండవచ్చునన్నది. భాష మతానిది కాదు, మనుషులదన్నది. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ మాట్లాడే మనకు అది వేరే చెప్పాలా?

ఇక మన పని

ఇన్ని తీర్పుల్లో నాకు కనిపించింది ఒక్కటే. ప్రతి దాని వెనుక ఒకరెవరో కాయితం పట్టుకుని అడిగారు. వాచ్‌మన్ భార్య ఇరవై రెండేళ్లు అడిగింది. తోటమాలులు ఇరవై ఏళ్లు అడిగారు. అంత ఆలస్యం అన్యాయమే, దాని మీద కూడా మనం గొంతెత్తాలి. కానీ అడగనివాళ్లకు ఇరవై ఏళ్లకైనా, వందేళ్లకైనా ఏమీ రాదు.

అందుకని మూడు పనులు. ఒకటి, హాజరు కార్డు, పగార్ చీటీ, పీఎఫ్, ఈఎస్ఐ నంబర్లు ఇంట్లో ఒకచోట పెట్టి, ఎక్కడున్నాయో ఇల్లాలికి చెప్పండి. చీటీ ఇవ్వని కార్ఖానాల్లో పనికి పోయిన రోజులు, గంటలు నోటుబుక్కులో మీరే రాసుకోండి. రెండు, దారిలో ఎవరికైనా ప్రమాదం జరిగితే ఆ రోజే యూనియన్‌కు కబురు చేయండి. ఏ వేళ, ఏ దారిన, ఏ పాళీకి పోతున్నాడో పోలీసు పంచనామాలో రాయించండి. మూడు, ఇది మాకు, ఆఫీసులో కూర్చునేవాళ్లకు. ఎవరు వచ్చి అడిగినా "చట్టం లేదు" అని నోటితో చెప్పి పంపొద్దు. దరఖాస్తు రాసి పెట్టండి. లేదని చెప్పవలసింది కోర్టు, మనం కాదు.

నేను ఒకసారి చెప్పాను. ఆ మాట ఇరవై ఏళ్లుగా నా మెడకు వేలాడుతోంది. మీలో ఎవరి మెడకూ అది పడకూడదనే ఇంతసేపు మాట్లాడాను. సెలవు.