బైరూత్‌లో మేము చూసిన రాజీ
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



లెబనాన్‌లో చదువుకొని వచ్చామంటే మనవాళ్లు ముందుగా అడిగేది ఒకటే. "అక్కడ షియాలకూ సున్నీలకూ పడదటగా?" అంత చిన్న మాటతో ఆ దేశం సంగతి తేలదు. 2008 మే నెలలో బైరూత్‌లో ఉన్న కొద్దిమంది విదేశీ విద్యార్థులం మేము కళ్లారా చూసినది మనవి చేస్తాము.

ఆ దేశంలో 18 మత శాఖలకు ప్రభుత్వ గుర్తింపు ఉన్నది. 1943 నుంచి వస్తున్న ఒడంబడిక ప్రకారం అధ్యక్షుడు మారొనైట్ క్రైస్తవుడు, ప్రధాని సున్నీ, స్పీకరు షియా. జనాభా లెక్కలు చివరిసారి తీసింది 1932లో! మళ్లీ తీస్తే వాటాల తగాదా లేస్తుందని ఎవరూ ఆ జోలికి పోలేదు. 1975లో మొదలైన అంతర్యుద్ధాన్ని ఆపడానికి 1989లో వారి శాసనసభ్యులు సౌదీ అరేబియాలోని తాయిఫ్‌కు పోవలసి వచ్చింది. ఇంటి పంచాయితీ పొరుగింట్లో తేల్చుకోవడం వారికి కొత్త కాదన్నమాట.

2007 నవంబరులో అధ్యక్షుని పదవీకాలం ముగిసి కుర్చీ ఖాళీ అయింది. సభకు వాయిదా మీద వాయిదా. 2008 మే 5న ప్రభుత్వం హిజ్బుల్లా సొంత టెలిఫోను వ్యవస్థ చట్టవిరుద్ధమన్నది. 7వ తేదీకల్లా విమానాశ్రయం రోడ్డు మూసివేశారు, తుపాకులు వీధికెక్కినవి. కిటికీలకు దూరంగా నడవాలో పడుకున్నాము. ఫోను చేస్తే అమ్మీ "వచ్చెయ్యి బేటా" అంటుంది. ఎట్లా రావడం? కొందరు విదేశీయులు రోడ్డున సిరియాకు పోయి బయటపడినారు. మా వీధి రొట్టెల దుకాణం యజమాని సున్నీ, పొయ్యి దగ్గరి మనిషి షియా. ఆ రోజుల్లోనూ ఇద్దరూ కలిసే రొట్టెలు కాల్చినారు. కొట్లాట మజ్‌హబ్‌ది కాదు, అధికారంలో వాటాది. వెనక సౌదీ, సిరియా, ఇరాన్, అమెరికా ఎవరి లెక్కలు వారివి.

14న అరబ్ లీగ్ బృందం వచ్చింది. ఖతార్ ప్రధాని షేక్ హమద్ బిన్ జాసిమ్, లీగ్ కార్యదర్శి అమ్ర్ మూసా అందులో ఉన్నారు. ప్రభుత్వం తన నిర్ణయాలు వెనక్కు తీసుకొన్నది. నాయకులందరినీ దోహాకు తీసుకుపోయినారు. విమానాశ్రయం దారిలో అంతర్యుద్ధంలో వికలాంగులైనవారు బోర్డులు పట్టుకొని నిలబడ్డారు: రాజీ పడకపోతే తిరిగి రావద్దని! ఆ మాట ఏ రాయబారి మాటకూ తీసిపోదు. 21న రాజీ కుదిరింది. 30 మంది మంత్రులలో అధికార పక్షానికి 16, ప్రతిపక్షానికి 11, అధ్యక్షునికి 3. నడిబొడ్డున 2006 డిసెంబరు నుంచి వేసి ఉన్న ప్రతిపక్షం గుడారాలు ఆరోజే పీకడం మొదలుపెట్టినారు. 25న సైన్యాధిపతి మిషెల్ సులైమాన్ అధ్యక్షుడైనాడు.

చిన్న దేశం ఖతార్‌కు ఇది ఎట్లా సాధ్యమైంది? అన్ని గుమ్మాలలోకీ పోగలిగింది గనుక. కాని పొరుగువారు కుదిర్చిన రాజీ పొరుగువారి మధ్య పొత్తు ఉన్నంతకాలమే. 2011 జనవరిలో 11 మంది మంత్రులు రాజీనామా చేయగానే ప్రభుత్వం పడిపోయింది. 2014 నుంచి రెండున్నరేళ్లు, 2022 అక్టోబరు నుంచి మళ్లీ రెండేళ్ల పైచిలుకు కుర్చీ ఖాళీ. ఈసారి అమెరికా, ఫ్రాన్సు, సౌదీ, ఖతార్, ఈజిప్టు కూడబలుక్కొన్నవి. 2025 జనవరి 9న ఎన్నికైన జోసెఫ్ ఔన్ కూడా సైన్యాధిపతియే.

మన పిల్లలు ఆ దేశాలకు చదువులకు పోతే తల్లిదండ్రులు ఒక పని చేయించండి. దిగిన వారంలోనే మన రాయబార కార్యాలయంలో పేరు, చిరునామా వ్రాయించాలి. కొంత డబ్బు చేతిలోనే ఉంచుకోవాలి, బ్యాంకులు మూసిన రోజుల్లో అదే ఆదుకుంటుంది.