మూర్తిమత్వ పరీక్షలు - మన నాయకత్వం

(వేదాద్రిలో జరిగిన సంఘ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడు మేము మాట్లాడవలసిన విషయం మూర్తిమత్వ పరీక్షలు, అంటే పర్సనాలిటీ టెస్టులు. ఇవి పట్నంలో పెద్ద కంపెనీలవాళ్ళ గొడవ, పత్తి, మిరప పండించుకునే ఈ మెట్టప్రాంతం వాళ్ళకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. కాని ఇవాళ మన పిల్లలు ఉద్యోగానికి వెళ్ళినచోట ఈ ప్రశ్నల కాగితాలు చేతికిస్తున్నారు. సెల్‌ఫోనులో పది ప్రశ్నలకు జవాబు నొక్కితే "మీరు పుట్టు నాయకులు" అని చెప్పేస్తున్నది. మన సంఘంలోనూ సెక్రెటరీలం, కోశాధికారులం, పేటకొక పెద్దమనిషిమి ఉన్నాము. మన తీరు ఎటువంటిదో మనం తెలుసుకోవడం మంచిదే. ఎలా తెలుసుకోవాలన్నదే ప్రశ్న.

మొదట ఒక హెచ్చరిక. 1948లో అమెరికాలో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మానసిక శాస్త్రవేత్త తన 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టాడు. తర్వాత ఒక్కొక్కరికి "నీ స్వభావం ఇదీ" అని ఒక కాగితం ఇచ్చి, అది ఎంత సరిగ్గా ఉందో 5కు మార్కులు వెయ్యమన్నాడు. సగటున 4.26 వేశారు. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకే కాగితం! అందులో మాటలు బజారులో అమ్మే జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినవి. తిరునాళ్ళలో చిలక తీసిన కార్డు మన కోసమే రాసినట్టుంటుంది కదా, ఇదీ అంతే. మనుషులను 16 రకాలుగా విడగొట్టే మయర్స్-బ్రిగ్స్ పరీక్ష లోకమంతా ప్రసిద్ధం. అది కూడా కొన్ని వారాల తర్వాత మళ్ళీ రాస్తే చాలామందికి వేరే రకం వస్తున్నదని పరిశోధకులు చూపారు. కాబట్టి కాగితం మెచ్చుకున్నదని పొంగిపోవద్దు, తప్పుపట్టిందని కుంగిపోవద్దు.

అయితే ఇదంతా వట్టిదేనా? కాదు. ఈ శాస్త్రానికి మన తెలుగునాట కూడా ఒక చరిత్ర ఉన్నది. హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్లెలాండ్ 1964లో కాకినాడ వ్యాపారస్తులకు హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో తరగతులు పెట్టించారు. యూసుఫ్‌గూడలో ఆ సంస్థ వేరే పేరుతో ఇప్పటికీ నడుస్తున్నది. అక్కడ బొమ్మలు చూపించి కథలు రాయమన్నారు. రాసిన కథనుబట్టి ఆ మనిషి మనసు దేనిమీద ఉన్నదో చూశారు. మేకుకు రింగులు విసిరే ఆట ఆడించారు. మేకు పక్కనే నిలబడి వేసేవాడికి సాధించేదేమీ లేదు, మరీ దూరంనుంచి వేసేవాడిది అదృష్టం. తన శక్తి తెలిసి తగినంత దూరంలో నిలబడేవాడే పని సాధించేవాడు అన్నది ఆ ఆటలో పాఠం. శిక్షణ పొందినవారు తరువాత ఎక్కువ కొత్త పనులు మొదలుపెట్టారని, ఎక్కువమందికి ఉపాధి చూపారని మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ 1969లో అచ్చయిన పుస్తకంలో రాశారు. మనం గమనించవలసింది ఒకటే. అక్కడ పరీక్ష ముద్ర వేసి వదిలిపెట్టలేదు, చెయ్యవలసిన పనివైపు తోసింది.

ఆ మెక్లెలాండ్‌గారే 1976లో బర్న్‌హామ్ అనే ఆయనతో కలిసి మరో వ్యాసం రాశారు. అమెరికా కంపెనీల మేనేజర్లను పరీక్షిస్తే, అందరిచేత మంచివాడు అనిపించుకోవాలనే కోరిక బలంగా ఉన్నవారి కింద పనివాళ్ళు అంత సంతోషంగా లేరట! ఎందుకంటే అటువంటివారు అడిగినవాడికల్లా మినహాయింపు ఇస్తారు. అడగనివాడికి అన్యాయం జరుగుతుంది. పెత్తనం కోరేవారిలో రెండు రకాలు: తన గొప్ప కోసం కోరేవారు, సంస్థ బాగు కోసం కోరేవారు. ఈ రెండో రకంవారి దగ్గరే పని సవ్యంగా సాగిందని తేల్చారు.

ఇది కంపెనీల సంగతి, మనది చందాలతో నడిచే సంఘం. అయినా జూన్‌లో ఫీజుల సాయానికి దరఖాస్తులు వచ్చినప్పుడు ఏం జరుగుతుందో ఆలోచించండి. పదిమంది అడుగుతారు, నలుగురికే డబ్బుంటుంది. ఒకరు బావగారి మనిషి, ఒకరు రోజూ సలాం చేసే పొరుగాయన. కాదంటే ముఖం మాడ్చుకుంటారు. ఎక్కడో పల్లెలో మిరపకోతకు వెళ్ళే ఒంటరి తల్లికి ఎవరూ తెలియదు, ఆమె అడగనూ లేదు. మన మంచితనానికి వెల కట్టేది ఆమె బిడ్డ చదువు! మొహమాటం గుణం అనుకుంటాం గాని, పదవిలో ఉన్నవాడి మొహమాటం పేదవాడి మీద పడుతుంది.

అలాగని గద్దించి పనిచేయించడం నాయకత్వం కాదు. 1930లలో కర్ట్ లెవిన్, ఆయన సహచరులు చిన్న పిల్లల క్లబ్బుల్లో మూడు రకాల పెత్తనం పెట్టి చూశారు. అన్నీ తానే చెప్పి చేయించేవాడు గదిలోంచి బయటికి పోగానే పని కుంటుపడింది. సలహా అడిగి కలుపుకుపోయేవాడు లేనప్పుడు కూడా పని సాగింది. ఎవరి ఇష్టానికి వారిని వదిలేసినచోట పని అంతంతమాత్రమే. మనకు మష్వరా అనే మాట కొత్తది కాదు. సెక్రెటరీగారు హజ్‌కు వెళితే నలభై రోజులు సంఘం పుస్తకం తెరుచుకోకపోతే, ఏ టెస్టూ రాయనక్కరలేదు, తీరు తెలిసిపోయినట్టే.

కనుక మా మనవి ఇది. కాగితం మీద టెస్టులు సరదాకు రాయండి. అసలు పరీక్షకు ప్రశ్నలు మూడే. సాయం ఎవరికి ఇస్తామో ఆ నిబంధనలు దరఖాస్తులకు ముందే గోడమీద అంటించామా? దగ్గరివాళ్ళకు "ఈసారి కాదు" అని చెప్పగలిగామా? మనం లేని నెలలో పని సాగిందా? వీటికి జవాబులు మనం రాసుకోకూడదు. మన గురించి మనం వేసుకునే మార్కులు ఎప్పుడూ ఎక్కువే. సాయం అందినవారిని, అందక తిరిగి వెళ్ళినవారిని, కార్యవర్గంలో చిన్నవారిని, వెనక వరుసలో కూర్చున్న మన అక్కచెల్లెళ్ళను అడగాలి. పేరు రాయకుండా చీటీ మీద రాసివ్వమంటే నిజం బయటికి వస్తుంది. చదివేటప్పుడు రాతనుబట్టి మనిషిని వెతకకుండా ఉంటే చాలు.

పదవి రెండేళ్ళకు పోతుంది. ఆ పల్లెలో తల్లి బిడ్డకు డిగ్రీ పూర్తయిందా లేదా అన్నదే మన మార్కుల జాబితా.