ఓటు, పైకము, ఎదుటివాని తెలివి
(రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



ఒక పల్లెలో గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలుచుట సామాన్యవిషయము కాదు. మన ప్రాంతమున గ్రంథాలయమనగా పుస్తకముల గది మాత్రమే కాదు. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసిన నాటినుండి అది పదిమందియు కూర్చుండి లోకవ్యవహారమును విచారించు చోటు. సభ జరుపుటకు నిజాం సర్కారు అనుమతి కావలసిన దినములలో పఠనాలయమే మనకు సభాస్థలమైనది. కావున ఎన్నికలనుగూర్చి ఇచ్చట నాలుగు మాటలు చెప్పుట అసందర్భము కాదని తలంచుచున్నాను.

జనగామలో గాని, మహబూబాబాదులో గాని, భూపాలపల్లిలో గాని రచ్చబండవద్ద నేడు తరచుగా వినవచ్చు మాటలు మూడు. "అందరును ఆ తానులోని ముక్కలే" అనునది మొదటిది. "పైకము లేనిదే ఎన్నిక లేదు" అనునది రెండవది. "ఆ పక్షమునకు ఓటు వేసినవారికి బుద్ధి లేదు" అనునది మూడవది. ఇవి వేరువేరు మాటలుగా తోచును గాని, మూడింటి వేరును ఒక్కటేయని నా మనవి.

మొదట పైకము సంగతి చూతము. శాసనసభ అభ్యర్థి ఎన్నిక ఖర్చు నలుబది లక్షల రూపాయలు మించరాదని 2022లో పరిమితి నిర్ణయించిరి. ఒక నియోజకవర్గమున రెండు లక్షల ఓటర్లున్నారనుకొందము. తలకు ఇరువది రూపాయలు వచ్చును. జీపులు, జెండాలు, కరపత్రములు, సభలు అన్నియు ఆ ఇరువదిలోనే. ఇక ఓటుకు వేయి రూపాయలు పంచినవాడు, ఫలితము వెలువడిన ముప్పది దినములలో నలుబది లక్షలలోపే ఖర్చయినదని లెక్క దాఖలు చేయవలెను. అనగా శాసనములు చేయబోవువాని మొదటి పని తప్పుడు లెక్క వ్రాయుట. ఓటుకై లంచమిచ్చుటయు, పుచ్చుకొనుటయు రెండును నేరములేయని చట్టము చెప్పుచున్నది. ఇది పల్లెలోని కవరుతో ముగియునది కాదు. పార్టీలకు ధనమెవరిచ్చిరో ప్రజలకు తెలియనీయని ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టివేసినది. ఆ సంగతి తెలిసికొనుట ఓటరు హక్కని ఆ తీర్పు సారాంశము.

2021 అక్టోబరులో హుజూరాబాదు ఉపఎన్నిక వేళ, తమకు పైకపు కవర్లు అందలేదని కొన్ని గ్రామముల ఓటర్లు బహిరంగముగానే నిరసన తెలిపిరి. చదువుకొన్నవారు ఆ వార్త చదివి నవ్విరి. "ఇట్టి జనమునకు ఇట్టి నాయకులే తగుదురు" అనిరి. నేను నవ్వలేకపోయితిని. ఆ నిరసనలో తెలివితక్కువతనము లేదు. గెలిచినవాడు మరల ఈ వాడకు రాడు, వచ్చినను మన మాట వినడు, కావున చేతికందునది ఇదియొక్కటేయను లెక్క అందున్నది. ఓడ ఎక్కువరకు ఓడమల్లయ్య, దిగిన పిదప బోడిమల్లయ్య అని అనేక పర్యాయములు అనుభవించినవాడు ఓడ ఎక్కకముందే కేవు అడుగుచున్నాడు. పైకపు బజారు అత్యాశవలన మాత్రమే పెరుగలేదు, నిరాశవలనను పెరిగినది.

మరి నవ్విన చదువరి సంగతి యేమి? ఓటరునకు విచక్షణ లేదు, నోటు చూపిన చాలునని పైకము పంచువాడు నమ్మును. ఓటరునకు విచక్షణ లేదు, నోటు చూచి పడిపోవునని చదువరియు నమ్మును. ఒకడు ఆ నమ్మకముతో వ్యాపారము చేయును, మరియొకడు పరిహాసము చేయును. ఓటరునుగూర్చి వారిద్దరి అభిప్రాయము ఒక్కటియే. నేను ఒకే వేరని చెప్పినది దీనినే.

ఈ అభిప్రాయము తప్పని మన గడ్డయే సాక్ష్యమిచ్చుచున్నది. 1946 జూలై 4న జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. ఆరేండ్లు గడవకముందే, 1952లో, మనవారు మొదటిసారి సాధారణ ఎన్నికలలో పాల్గొనిరి. అక్షరము వచ్చినవారు బహుకొద్ది. అభ్యర్థికొక పెట్టె చొప్పున గుర్తులంటించి పెట్టగా, గుర్తు చూచి ఓటుపత్రము వేసిరి. నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గమున రావి నారాయణరెడ్డిగారికి దేశమునందెల్ల అత్యధికముగా ఓట్లు వచ్చెను. చదువు రాకున్నను ఎవరు తమవారో తేల్చుకొను తెలివి వారికుండెను.

అదే ఎన్నికలో వరంగల్లు లోకసభ స్థానమునకు పి.డి.ఎఫ్. పక్షమున పెండ్యాల రాఘవరావుగారును, కాంగ్రెసు పక్షమున కాళోజీ నారాయణరావుగారును పోటీపడిరి. రాఘవరావుగారు గెలిచిరి. ఇరువురును నిజాం నిరంకుశత్వమును ఎదిరించినవారే. కాళోజీగారిని ఓడించినవారు మూర్ఖులని నేడెవరందురు? ఆయనకు ఓటు వేసినవారు మూర్ఖులని మాత్రమెవరందురు? ఓడిన కాళోజీగారి జన్మదినమగు సెప్టెంబరు 9ని నేడు తెలంగాణ భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఎన్నిక ఎవరికెక్కువ మద్దతు కలదో చెప్పును గాని, ఎవరికెక్కువ తెలివి కలదో చెప్పదు.

భూపాలపల్లి బొగ్గుగనులలోని కార్మికులకు ఈ సంగతి తెలియును. సింగరేణిలో 1998 నుండి గుర్తింపు సంఘమునకు రహస్య ఓటింగు జరుగుచున్నది. 2023 డిసెంబరు 27నను జరిగినది. వేరువేరు జెండాలు పట్టినవారే మరునాడు ఒకే షిఫ్టులో గనిలోనికి దిగుదురు. పైకప్పు సరిగా లేదని తోటివాడు కేకవేసిన, వాడే సంఘమువాడని ఎవరును అడుగరు.

నిరాశపడినవారికి మరియొక ఉదాహరణము. 1996లో ఫ్లోరైడు నీటి బాధ దేశమునకు తెలియుటకై నల్లగొండ లోకసభ స్థానమున 480 మంది అభ్యర్థులు నిలిచిరి. ఓటుపత్రము పుస్తకమంతయైనది, పోలింగు వాయిదా పడినది. అందరును ఒక్కటేయని వారు ఇంట కూర్చుండలేదు.

మహబూబాబాదు జిల్లాలో 2018 చట్టముతో ఎన్నో తండాలు స్వంత పంచాయతీలైనవి. అట్టి చిన్న పంచాయతీలో కొద్ది ఓట్లే గెలుపోటములను నిర్ణయించును. అభ్యర్థి ఎట్టివాడో ప్రతివారికిని తెలియును. అచ్చట కూడ సర్పంచి పదవికి వేలము పాడి దానికి ఏకగ్రీవమని పేరు పెట్టినచో, ఓటు అమ్ముకొనుట కాదు, ఓటే లేకుండ చేసికొనుట యగును.

కావున కార్యవర్గమువారికి మూడు మనవులు. శాసనసభకు, లోకసభకు పోటీచేయువారు తమ ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు తెలుపుచు ప్రమాణపత్రము దాఖలు చేయుదురు. ఎన్నిక వచ్చినపుడెల్ల వాని ప్రతులు ఈ బల్లపై ఉంచుడు. అన్ని పక్షముల పత్రికలను తెప్పించుడు. అభ్యర్థులందరిని ఈ వేదికకే పిలిచి, ఊరివారి ప్రశ్నలకు సమాధానము చెప్పనిండు.

సభ్యులకు మరియొక మనవి. ఎదుటి పక్షమువానిని ఖండించుటకు ముందు, వాని వాదమును వాడు అవునని ఒప్పుకొనునట్లుగా ఒకసారి చెప్పి చూడుడు. అట్లు చెప్పగలిగిన పిదప ఎంత గట్టిగా ఖండించినను దోషము లేదు.