పరదేశమున యువ బోధకుని దినచర్య

తెల్లని చొక్కా, నల్లని లాగు, మెడకు టై, రొమ్మున పేరు చెక్కిన చిన్న పలక ధరించి ఇద్దరిద్దరుగా నడచిపోవు యువకులను హైదరాబాదు, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము వీధులలో మీలో కొందరు చూచియే యుందురు. వారు మార్మను సంఘపు బోధకులు. అమెరికాలోని సాల్ట్ లేక్ నగరము వారి ప్రధానస్థానము. 2012లో ఆ సంఘము పురుషులు 18 ఏండ్లకే ఈ పనికి బయలుదేరవచ్చునని నిర్ణయించినది. పురుషులకు రెండేండ్లు, స్త్రీలకు పదునెనిమిది నెలలు గడువు. ఖర్చు చాలవరకు వారిదే, లేక వారి కుటుంబముదే. ఎక్కడికి పోవలెనో తాము కోరుకొనరాదు; సంఘము పంపిన చోటికి పోవలెను. ఉదయము ఆరున్నరకు లేచుట, చదువుట, భాష నేర్చుట, పగలెల్ల తిరుగుట, రాత్రి పెందలకడ పరుండుట, ఏ వేళనైనను జతగానిని విడువకుండుట వారి నియమములు. 2019 వరకు తల్లిదండ్రులతో టెలిఫోనులో మాటలాడుట సంవత్సరమునకు రెండుమార్లే. మన దేశములో వారి పనికి 1993 నుండి బెంగుళూరు ఒక కేంద్రముగా నున్నది.

ఈ పిల్లలను చూచినప్పుడెల్ల మాకు మా చిత్తూరు సీమ జ్ఞాపకమునకు వచ్చును. వీరి మతమునుగాని, మరియొకరి మతమునుగాని తూచుటకు మేమిక్కడ కూర్చుండలేదు. ఇరువదియేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి, భాష తెలియని ఊరిలో దిగినవాడు తెల్లవారి లేచి ఏమి చేయును? ఇంతమాత్రమే మా ప్రశ్న.

మార్మను బోధకులు మన ప్రాంతమునకు కొత్తవారు కారు. 1853లో రిచర్డ్ బాలెంటైన్ అను నతడు తోడివారితో మద్రాసులో దిగెను. ఆంగ్లము మాటలాడు సైనికుల నడుమ ఎక్కువగా తిరిగెను. చిన్న పత్రిక నొకటి అచ్చువేసెను. ఏడాది తిరిగినంతనే ఓడ యెక్కి మరలిపోయెను. ఆయన రాకకు తెలుగునాట గుర్తేమియు మిగులలేదు. ప్రజల భాష జోలికి పోనివానికి ఇంతకుమించి ఏమి మిగులునని మా యభిప్రాయము.

సరిగా ఆ కాలముననే ఆర్కాటు మిషను ఏర్పడినది. అది అమెరికాలోని రిఫార్మ్‌డు సంఘము వారిది. స్కడ్డరు సోదరులు దానికి మూలపురుషులు. చిత్తూరు వారి మొదటి స్థానములలో నొకటి. ఆ మిషను పక్షమున 1860లో జేకబ్ చేంబర్లెన్ అను యువకుడు నవవధువుతో మన దేశమునకు వచ్చెను. 1835లో పుట్టినవాడు గనుక ఇరువదియైదేండ్లవాడు. మతశాస్త్రముతోపాటు వైద్యమును చదివియుండెను. అప్పటికి సూయజు కాలువ లేదు. అది 1869లో తెరవబడినది. అమెరికా నుండి ఆఫ్రికా ఖండపు కొన చుట్టి రావలెను, నెలల ప్రయాణము. మద్రాసు నుండి వాలాజా వరకు 1856లోనే రైలు పడినది. అక్కడినుండి చిత్తూరు మీదుగా, మొగిలి కనుమ నెక్కి, పలమనేరు చేరవలెను. ఆయన మొదట పలమనేరులోను, 1863 నుండి మదనపల్లెలోను నివసించెను. మదనపల్లె అప్పుడు కడప జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరినది.

అట్టివాని దినమున మొదటి పని, పెద్ద పని, భాష. ఇప్పటివలె యంత్రములు లేవు. సి.పి. బ్రౌను నిఘంటువు 1852లో వెలువడియుండుటచేత ఆ తరమువారు అదృష్టవంతులు. బల్లకు ఒకవైపు మున్షీగారు, రెండవవైపు దొర. మున్షీగారు నేర్పునది గ్రాంథికము. పలమనేరు సంతలో వినబడునది వేరు. అక్కడ తెలుగులో అరవము, కన్నడము, తురకమాటలు కలగలసి యుండును. కోలారు సీమ కూతవేటు దూరము. ఉదయము పాఠమున నేర్చిన క్రియాపదమును సాయంకాలము సంతలో ఒక్కరును వాడరు! ఇది మాత్రము నేటికిని తీరని చిక్కే.

పలుకుబడి సంగతి చెప్పనక్కరలేదు. ఆంగ్లేయభాషలో మన దకారమునకును డకారమునకును నడుమనుండు ధ్వని యొకటి యున్నది. ఆ నాలుకకు ఈ రెంటి భేదము మొదట పట్టుబడదు. వైద్యుడు ‘మందు’ అనబోయి ‘మండు’ అన్నచో రోగి గతి యేమగును? కల, కళ, కాలు, కాళ్లు, ఇట్టివి వందలు. వీనికంటె లోతైనది మరియొకటి కలదు. ఆంగ్లమున ఒక్కమాటతో పోవుదానికి మనకు ‘మేము’, ‘మనము’ అని రెండు మాటలున్నవి. దేవుని ప్రార్థించుచు ‘మేము పాపులము’ అనవలసినచోట ‘మనము పాపులము’ అన్నచో దేవుని గూడ పాపులలో చేర్చినట్లగును. ప్రజలతో మాటలాడుచు ‘మనము’ అనవలసినచోట ‘మేము’ అన్నచో వక్త తన్ను వేరుగా నిలుపుకొనును. ఇక నీవు, మీరు. నిఘంటువులో రెంటికి నొకటే అర్థము. మీసము రాని దొర గడ్డము నెరసిన రెడ్డిగారిని నీవనినచో, ఆ పిమ్మట అతడు చెప్పు సువార్త యెంత తీయనిదైనను ఎవరి చెవికెక్కును? ఈ తారతమ్యములు పుస్తకము వలన రావు. ఎదుటివాని ముఖము చూచి, చిన్నబోయినదని గ్రహించి, సిగ్గుపడి దిద్దుకొనవలెను. బోధించుటకు వచ్చినవాడు ముందుగా కొన్ని సంవత్సరములు బడిపిల్లవాడై యుండవలెనన్నమాట.

చేంబర్లెన్ ఈ పరీక్షలో నెగ్గెను. ఇది మేము ఊరక పొగడుట కాదు. 1873 నుండి తెలుగు బైబిలు సవరణ సంఘమునకు ఆయన అధ్యక్షుడు. పాశ్చాత్య రాగములు మన చెవికి పట్టవని గ్రహించి, మన వరుసలలో పాడు కీర్తనలను ప్రోత్సహించెను. వేమన పద్యములను ఆంగ్లములోనికి త్రిప్పెను. మన విగ్రహారాధనను ఖండించుటకు వేమన తనకు తోడు దొరకెనని ఆయన సంతోషము. వేమన ఎవరిని ఖండింపక విడిచెను గనుక!

తెల్లవారుజామున వీథిలో పాట, పిమ్మట ప్రసంగము, ఎండ యెక్కకముందే ఇంటికి చేరుట. తరువాత వైద్యశాల. గ్రామముల నుండి వచ్చిన రోగులు అరుగులమీద కూర్చుండి యుందురు. మందిచ్చుటకు ముందు గ్రంథపఠనము జరుగును. మిషను ఆసుపత్రులలో ఈ పద్ధతి తరువాత చాలకాలము సాగినది. మా యింటి పెద్దలు మందు కొరకు పోయి ఆ పఠనమును ఓపికతో విని, సీసా పుచ్చుకొని, త్రోవలో ఆంజనేయస్వామికి దండము పెట్టి ఇల్లు చేరినట్లు చెప్పుకొనెడివారు. అందు ఉభయులకు నష్టమేమియు కలిగినట్లు తోచదు.

దొరకును రోగము తప్పదు. పలమనేరు, మదనపల్లెలు సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన ఎత్తున నుండుటచేత వేసవి కొంత మేలు; కాని చలిజ్వరమునకు ఆ యెత్తు అడ్డు కాదు. చెడుగాలి వలన వచ్చునని తలచి కిటికీలు మూసికొనెడివారు. దోమ వలన వచ్చునని రోనాల్డ్ రాస్ సికిందరాబాదులో కనుగొనినది 1897లో. అంతవరకు కొయినా మాత్రయే దిక్కు. భార్య బిడ్డల సంగతి దీనికంటె కఠినము. పిల్లలు చదువుకు తగినవారు కాగానే అమెరికాకు పంపుట ఆ కుటుంబములలో వాడుక. తల్లి ఇచ్చట, బిడ్డ అచ్చట. ఉత్తరము వ్రాసి జవాబు కొరకు నెలల తరబడి చూచుచుండుట. తీర్థయాత్రలకు, వ్యాపారములకు ఏండ్లకేండ్లు దూరమై యుండుట మన పూర్వులకును తెలిసినదే. అయినను తల్లి చేయి విడిపించి పసిబిడ్డను ఓడ యెక్కించుట తలచుకొన్నచో మా మనస్సునకు కష్టముగా నుండును. వారి శ్రమలన్నిటిలో మాకు హృదయమునకు తగిలినది ఇదియే.

చలికాలమున డేరాలతో సంచారము. 1863లో చేంబర్లెన్ నలుగురు దేశీయ సహాయకులతో నైజాము రాజ్యముగుండ గోదావరి దాటి, రమారమి 1200 మైళ్ల ప్రయాణము చేసెను. ఒక పట్టణమున జనులు రాళ్లు పట్టుకొని వెడలిపొమ్మనిరట. కొట్టుటకు ముందు ఒక కథ వినుడని ఆయన కోరెను. కథ ముగియునప్పటికి చేతులలోని రాళ్లు నేలబడి, వారే పుస్తకములు కొనిరట. ఇది ఆయన చెప్పుకొనిన కథ. రాళ్లు పట్టినవారి వైపునుండి ఎవరును వ్రాసి పెట్టలేదు.

ఈ సందర్భమున ఆయనపై మా ఫిర్యాదు నొకటి మనవి చేయుదుము. ఆయన గ్రంథములలో 1896లో వెలువడినదాని పేరు పులుల అడవిలో నని. 1900లోని దాని పేరు నాగుపాము పుట్ట యని. నలువదియేండ్లలో పులి యెదురైన దినములెన్ని? మున్షీ యెదుట కూర్చుండిన దినములు, పుండ్లు కడిగిన దినములు, ఉత్తరము రాని దినములు ఎన్ని? అయినను పుస్తకము నెత్తికి పులియు పామును ఎక్కినవి. అచటి పాఠకులు చందా లిచ్చినగాని ఇచట ఆసుపత్రి నడువదు. మున్షీగారిని గూర్చి వ్రాసిన ఎవరు చందా యిత్తురు? కారణము మాకు బోధపడకపోలేదు. కాని మా సీమను పెక్కుమంది అమెరికనులు పులులు, పాములు గల అడవిగా ఎరిగిరి. ఆయనకు తెలుగు నేర్పినవారి పేర్లు మాకును తెలియవు.

తూర్పున తిరుపతి వైపు కథ వేరు. 1865 మొదలు హెర్మన్స్‌బర్గు జర్మను లూథరనులు సూళ్లూరుపేట, నాయుడుపేట, కాళహస్తి, తిరుపతి ప్రాంతములలో పని చేసిరి. గోవిందనామము మారుమ్రోగు ఊరిలో మరియొక నామము చెప్పుట యెంత పనియో ఊహించుకొనవచ్చును. 1914లో యుద్ధము రాగానే తెలుగు మాటలాడు ఆ జర్మనులు ప్రభుత్వమునకు శత్రుజాతివారైరి. నిర్బంధింపబడి, పిదప స్వదేశమునకు పంపబడిరి. వారి పనిని అమెరికను లూథరనులు చేపట్టిరి. దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘమునకు నేడు తిరుపతియే ప్రధానస్థానము.

చేంబర్లెన్ 1908 మార్చిలో మదనపల్లెలోనే కన్నుమూసెను. ఆయన కుమారులు ఇరువురు ఈ దేశముననే పనిచేసిరి. నేటి మార్మను యువకులకో రెండేండ్లు నిండగానే తిరుగు ప్రయాణము సిద్ధము. ఆ జంటలలో ఇప్పుడు మన దేశపు పిల్లలు చాలమంది కనబడుచున్నారు. రాజమహేంద్రవరపు కుర్రవాడు బెంగుళూరు వీథిలో నిలువబడి, కన్నడమున ‘నావు’ అనిన తన మాటలో ఎదుటివాడు చేరెనో లేదో తెలియక, ముఖము చూచుచు నిలుచుండును.