అర్జీకి నంబరు వేస్తే సరిపోతుందా?

(బందరులో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సెల్‌ఫోనులో జవాబు చెప్పే యంత్రాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను సర్వీసంతా కలంతోనూ, కార్బను కాగితంతోనూ గడిపిన గుమాస్తాను. కంప్యూటరు విద్య మా మనుమడు నేర్పినంత మాత్రమే. అయినా ఒప్పుకోవడానికి కారణం ఉంది. ఆ యంత్రం చేసే పని మనకు కొత్తది కాదు.

2025 జనవరి 30న మన రాష్ట్ర ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో వాట్సప్ పాలన ప్రారంభించింది. అంతకుముందు 2024 అక్టోబరులో వాట్సప్ యజమాని అయిన మెటా సంస్థతో ఒప్పందం జరిగింది. 95523 00009 నంబరుకు నమస్కారమని పంపితే సేవల పట్టిక వస్తుంది. తొలివిడతలో దేవాదాయం, విద్యుత్తు, ఆర్టీసీ, రెవెన్యూ మొదలైన శాఖలవి 161 సేవలు పెట్టారు. తరువాత పెంచుతూ వచ్చారు. కరెంటు బిల్లు కోసం క్యూలో నిలబడే బాధ తప్పింది. మంచి పనిని మంచి పని అనాలి.

పెద్ద కంపెనీలలో ఇదే పద్ధతి ఉద్యోగుల కోసం నడుస్తున్నది. కంప్యూటరు మొరాయించినా, పాస్‌వర్డు మరచిపోయినా చెప్పుకోవడానికి అక్కడ 'సర్వీస్ డెస్క్' అనే విభాగం ఉంటుంది. దానికి వేరే పేజీ తెరిచి ఫారం నింపాలంటే ఎవరూ నింపరు. ఉద్యోగులు రోజంతా మాట్లాడుకునేది స్లాక్, టీమ్స్ వంటి వాటిలో. అవి 2013లో ఒకటి, 2017లో ఒకటి వచ్చాయి. జనం ఎక్కడ ఉంటే డెస్కును అక్కడికే తెచ్చి కూర్చోబెట్టారు. తపాలా పెట్టెను మన వీధి మొగలోకి తెచ్చినట్లన్నమాట.

ఇక లోపల జరిగేది వినండి. మనం పంపిన మాటను వాట్సప్ ఒక బంట్రోతులాగా తీసుకుపోయి డెస్కు కంప్యూటరుకు అందిస్తుంది. అది మన ఇన్‌వర్డు గుమాస్తా. మాట చదివి ఏ సెక్షనుదో తేల్చి, ఒక నంబరు వేస్తుంది. దాన్ని వాళ్ళు టికెట్ అంటారు, మనం కరెంటు నంబరు అనేవాళ్ళం. ఆ నంబరు మనకు రసీదుగా వస్తుంది. ఫైలు కదిలినప్పుడల్లా కబురు వస్తుంది. పని అయితే 'ముగిసినది' అని రాస్తారు. అది మన ఎల్.డిస్. ముద్రే.

వాట్సప్‌లో ఇంకొక నిబంధన ఉంది. మనం చివరి మాట రాసిన 24 గంటల లోపలే అవతలివారు స్వేచ్ఛగా జవాబు రాయవచ్చు. గడువు దాటితే ముందుగా ఆమోదం పొందిన అచ్చు నమూనాలోనే రాయాలి. పది రోజుల తర్వాత వచ్చే కబురు సైక్లోస్టయిలు కాగితంలాగా ముక్తసరిగా ఉండటానికి ఇదొక కారణం.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు మన సభ్యుడొకరి సంగతి చెబుతాను. ఊరు దివిసీమలో అనుకోండి, పేరు వద్దు. ఆ కార్యాలయం పేరూ వద్దు. ఆయన లైఫ్ సర్టిఫికెట్ సకాలంలో ఇచ్చారు. అయినా పింఛను ఆగిపోయింది. సహాయం కోసం ఒక నంబరు ఉంటే దానికి రాశారు. యంత్రం మనిషిని ఫోను నంబరును బట్టి గుర్తుపడుతుంది. రికార్డులో ఉన్నది హైదరాబాదులోని కొడుకు నంబరు. "మీ వివరాలు లభించలేదు" అని జవాబు, ఒక టికెట్టు, మూడోనాడు 'ముగిసినది'. పక్కింటివారి ఫోను నుంచి రాశారు. రెండో టికెట్టు, అదీ ముగిసింది. ఆ కబురు పక్కింటి కుర్రవాడు చూసి చెరిపేశాడు. కొడుకు ఫోను నుంచి మూడోది. "మీ సమస్య పరిష్కరించబడినది, ధన్యవాదములు" అని వచ్చింది. డబ్బు మాత్రం రాలేదు. రెండు నెలలు షుగరు మందులు అప్పు మీద తెచ్చుకున్నారు.

చివరకు నేనూ ఆయనా తెల్లకాగితం మీద మూడు టికెట్ నంబర్లూ వరుసగా రాసి పట్టుకుని వెళ్ళాము. సీట్లో ఉన్న అమ్మాయి మూడూ తెరిచి పక్కపక్కన పెట్టి చూసింది. పి.పి.ఓ. నంబరులో ఒక అంకె తప్పుపడింది. సర్టిఫికెట్టు ఇంకొకరి ఖాతాకు పోయింది. కనిపెట్టడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

యంత్రాన్ని తిట్టాలని నాకూ అనిపించింది. కాని తిట్టలేకపోయాను. ఎందుకో మీ ముందు చెప్పుకోవాలి.

1977 నవంబరు 19 ఉప్పెన మనలో చాలామంది కళ్ళతో చూసినదే. పదివేల మందికి తక్కువ కాకుండా పోయారు. ఆ తరువాతి సంవత్సరం నేను సహాయం అర్జీల సీట్లో ఉన్నాను. సముద్రపు ఒడ్డు గ్రామం నుంచి ఒక విధవరాలి అర్జీ వచ్చింది. జతపరచవలసిన కాగితం లేదని లాడ్జి చేశాను. ఇంకొకటి వచ్చింది, వేరే దస్తూరీ, పేరు కొంచెం మార్పు. అదీ అంతే. మూడోదాని మీద 'ఇదివరకే పరిష్కరించబడినది' అని రాశాను. అరియర్ లిస్టు తగ్గితే చాలు, అదే నా ధ్యాస. ఆవిడ బస్సెక్కి ఆఫీసుకు వచ్చి, అరుగు మీద కూర్చుని, సాయంత్రం దాకా ఎవరినీ ఏమీ అడగలేదు. మా సూపరింటెండెంటుగారు కనుక్కుని, మూడు అర్జీలూ తెప్పించి నా బల్ల మీద పరిచారు. "ఇవి మూడు కాయితాలు కావురా అబ్బాయి, ఒక్క మనిషి" అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు.

కనుక తప్పు యంత్రంతో పుట్టింది కాదు. నంబరు వేయడమే పని అనుకున్నప్పుడు పుట్టింది. 1966లోనే అమెరికాలో వైజెన్‌బామ్ అనే ఆచార్యుడు 'ఎలైజా' అనే ప్రోగ్రాము తయారు చేశారు. అది మనిషి మాటనే తిప్పి ప్రశ్నగా అడిగేది. జనం అది తమను అర్థం చేసుకున్నదనుకున్నారు. మర్యాదగా జవాబిచ్చినంత మాత్రాన అర్థమైనట్లు కాదని ఆయనే హెచ్చరించారు.

ఇటువంటి సహాయ నంబర్లు నడిపేవారికి మన సంఘం తరఫున నాలుగు కోరికలు పంపుదామని ప్రతిపాదిస్తున్నాను. ఒకటి, 'మనిషితో మాట్లాడాలి' అనే మీట మొదటి పట్టికలోనే ఉండాలి. అది నొక్కితే అంతవరకు రాసినదంతా ఆ ఉద్యోగి ముందుకు పోవాలి, మళ్ళీ మొదటి నుంచి చెప్పించరాదు. రెండు, పెన్షనరును పి.పి.ఓ. నంబరుతో గుర్తించి, ఏ ఫోను నుంచి వచ్చినా ఆయన టికెట్లన్నీ ఒకే చోట చేర్చాలి. మూడు, అడిగినవారు 'సరే' అనకుండా టికెట్టు ముగించరాదు. నాలుగు, "పింఛను పడలా" అని నోటితో చెప్పినా తెలుసుకోగలగాలి. మనలో చాలామందికి ఆ చిన్న అక్షరాలు నొక్కే చూపు లేదు.

మన వంతు కూడా ఉంది. రికార్డులో ఎవరి ఫోను నంబరు ఉన్నదో ఈ వారమే చూసుకోండి. టికెట్ నంబరు రాగానే తేదీతో నోటు పుస్తకంలో ఎక్కించండి. మనకు ఆ అలవాటు ఎటూ ఉన్నదే. ఓ.టి.పి. ఎవరడిగినా చెప్పకండి. సమాధానం సరిగా లేకపోతే మళ్ళీ కొత్తగా రాయకండి, పాత నంబరు ఉదహరించి రాయండి. ఫోను వాడలేనివారు సంఘం ఆఫీసుకు రండి. ఆ బల్ల దగ్గర నేను కూర్చుంటాను.

ఆ అరుగు మీద కూర్చున్న తల్లికి నేను బాకీ ఉన్నాను. ఈ రూపంగా కొంతైనా తీరుతుందేమోనని ఆశ.