కొండాపూర్ మట్టి పతకాలు - మన పెళ్లి జోడాలు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రాచీన కాలపు బట్టలు, నగల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగినప్పుడు మాకు నవ్వొచ్చింది. కాజీపల్లి ఫ్యాక్టరీల్లో షిఫ్టు డ్యూటీలు చేసుకునే మనకు రాజుల నగలతో ఏం పని అనుకున్నాం. తీరా ఆలోచిస్తే ఇది మన ఇంటి ముచ్చటే అని తేలింది.

సంగారెడ్డి అవతల కొండాపూర్ ఉంది. హైదరాబాదులోనిది కాదు, మన జిల్లాదే. అక్కడ కోటగడ్డ అనే దిబ్బను 1941-42లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తవ్వించింది. 1914 నుంచి ఆ శాఖకు డైరెక్టరుగా ఉన్నవారు గులాం యజ్దానీ గారు. అజంతా చిత్రాలను నాలుగు సంపుటాల్లో లోకానికి చూపిన మహానుభావులు. దిబ్బ కింద శాతవాహనుల కాలం నాటి పట్టణం బయటపడింది. రకరకాల పూసలు, గాజులు, మట్టి బొమ్మలు, నాణేలు దొరికాయి. ఈనాడు వాటిని అక్కడి మ్యూజియంలో చూడవచ్చు.

వాటిలో మమ్మల్ని ఆపింది ఒక్కటే. అదే గడ్డలో రోము చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం దొరికింది. రోమన్ నాణేలను చూసి చేసిన మట్టి పతకాలు కూడా దొరికాయి. బంగారం అందనివారు మట్టితో ముచ్చట తీర్చుకున్నారని మా అభిప్రాయం. ఇప్పటి వన్ గ్రామ్ గోల్డ్ దుకాణాలు చూస్తే మనిషి పెద్దగా మారలేదు అనిపిస్తుంది.

రోములో బట్టే మనిషి హోదా చెప్పేది. టోగా అనే వస్త్రం పౌరుడికే చెల్లు, బానిసకు లేదు. అంగీ మీద వెడల్పాటి ఊదా పట్టీ ఉంటే అతడు సెనేట్ సభ్యుడు. ఆ ఊదా రంగు సముద్రపు నత్తల నుంచి తీసేవారు. మన తెలుగు తీరంలో సన్నని బట్టలు విస్తారంగా తయారవుతాయని మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడొకరు రాసిపెట్టాడు. ఇండియా సరుకుల కోసం ఏటా 5 కోట్ల సెస్టెర్సులు పోతున్నాయని రోము పండితుడు ప్లినీ వాపోయాడు.

క్రీ.పూ. 215లో, యుద్ధ కాలంలో, రోములో ఒక చట్టం చేశారు. ఏ స్త్రీ దగ్గరా అర ఔన్సుకు మించి బంగారం ఉండరాదు, రంగురంగుల బట్టలు కట్టరాదు. మన లెక్కన తులం కంటే కొంచెం ఎక్కువ, అంతే! యుద్ధం ముగిశాక ఆడవాళ్లు వీధుల్లోకి వచ్చారు. క్రీ.పూ. 195లో చట్టం రద్దయింది. మగవాళ్ల హోదా గుర్తులు మాత్రం అట్లనే ఉంటే, ఒక్క ఆడవాళ్లనే కట్టడి చేస్తే ఎవరు ఊరుకుంటారు?

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. మన దగ్గర పెళ్లిలో 'జోడే కీ రఖం' అనే మాట ఉంది. జోడా అంటే ఒక జత బట్టలు. పెళ్లికొడుకు బట్టల పేరు పెట్టుకొని మొదలైన రొక్కం ఈనాడు ఎక్కడికి పోయిందో ఆడపిల్లల తండ్రులకు తెలుసు. ఏ బట్టకైనా అంత ఖరీదు ఉంటుందా? మహర్ ఇవ్వవలసింది పెళ్లికొడుకు. మనం మాత్రం లెక్క తిప్పేశాం. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. రోము చట్టంలాగే, చట్టం ఒక్కటే చాలలేదు.

కనుక మా మనవి ఉన్నవారికే. మట్టి పతకం బంగారు నాణేన్ని చూసి పుట్టింది. లేనివారు ఉన్నవారిని చూసే అప్పు చేస్తారు. లేనివారు తగ్గిస్తే లోకం పేదరికం అంటుంది. ఉన్నవారు తగ్గిస్తే అదే పద్ధతి అవుతుంది. హజ్‌లో రెండు కుట్టని తెల్లగుడ్డలు చుట్టుకున్నప్పుడు ఫ్యాక్టరీ యజమాని ఎవరో, కూలీ ఎవరో పోల్చుకోలేం. ఆ సమానత్వం మన షాదీఖానా గడప దాకా రాలేదా?

బట్టలు వద్దనడం లేదు. అత్తరు, గాజులు, పండుగ కొత్త బట్టలు, అన్నీ ఉండాలి. పిల్ల సంతోషానికి వేసుకున్నది అలంకారం. తండ్రి అప్పుతో వేసింది బరువు. వచ్చే ఏడు ఈ సభ జరిగేనాటికి, జోడే కీ రఖం తీసుకోకుండా కొడుకు పెళ్లి చేశామని చెప్పే ఇళ్లు మన మధ్య నాలుగైనా లేవాలి. అందరికంటే ముందు మా ఇంటి పేరే రాసుకొమ్మని కార్యదర్శిగారిని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.

ఖుదా హాఫిజ్.