పసిబిడ్డ కేసు ఎక్కడ కుంటుపడుతోంది?

(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల మీద నేరం జరిగితే దర్యాప్తు ఎందుకు నడవదో ఇవాళ మాట్లాడుకుందాం. పోలీసుల్ని తిట్టుకోవడానికే కూచోలేదు మనం. వాళ్ల పనిలో నిజమైన చిక్కులు ఉన్నాయి. అవి తెలియకపోతే ఠాణాలో ఏం చెప్పి పంపినా నమ్మి వచ్చేస్తాం.

మొదటిది, బిడ్డ నోరు. ఏడేళ్ల పిల్ల ఖాకీ బట్టలు చూస్తే బిగుసుకుపోతుంది. తేదీ చెప్పలేదు. "అమ్మ కూలికి పోయినప్పుడు" అంటుంది, అంతే. నలుగురు నాలుగుసార్లు అడిగితే మాట అటూఇటూ అవుతుంది. కోర్టులో ఎదుటి వకీలు పట్టుకునేది దాన్నే. అందుకే 2012 పోక్సో చట్టం 24వ సెక్షన్ బిడ్డ ఇంట్లోనో, బిడ్డ కోరిన చోటనో వాంగ్మూలం తీసుకోమంది. వీలైనంతవరకు ఎస్.ఐ.కి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి, యూనిఫాం వేసుకోకూడదు. రాత్రిపూట బిడ్డను ఠాణాలో ఉంచనే కూడదు. "మేడం లేరు, రేపు రాండి" అంటారు. నిజంగానే లేకపోవచ్చు. కానీ తండ్రి ఇచ్చే ఫిర్యాదు రాసుకోవడానికి మేడం దాకా ఆగే పని లేదు.

మన బిడ్డయితే ఇంకో మెలిక. అట్రాసిటీ కేసును డి.ఎస్.పి. దర్యాప్తు చెయ్యాలని 1995 నిబంధనల్లో ఉంది. బిడ్డ మాట ఒకరు, దర్యాప్తు ఇంకొకరు. మధ్యలో కాయితం తిరుగుతుంటుంది. ఈలోగా ఊరి పెద్దలు రాజీ అంటారు. ఎవరి పొలంలో కూలి చేస్తున్నామో వాళ్లే ముద్దాయి తరఫున వస్తారు. సాక్షి అక్కడే జారిపోతాడు.

ఇక వయసు. ఇక్కడ బడిపంతుళ్లం మేము తల దించుకునే చెప్పాలి. చేర్చేరోజు తల్లి "పెద్దవాన పడ్డ ఏడు పుట్టింది సారూ" అంటే, ఐదేళ్లు నిండేటట్టు లెక్కగట్టి జూన్ తేదీ ఒకటి రాసేశాం. తరగతిలో సగంమందికి ఒకే పుట్టినరోజు! నవ్వుకున్నాం కూడా. అదే కోర్టుకు పోతే? 2015 బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ ప్రకారం ముందు చూసేది బడి ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్టు, లేదా పదో తరగతిది. అవి లేకుంటే పంచాయతీ జనన పత్రం. అదీ లేకుంటేనే ఎముకల పరీక్ష. ఆ పరీక్ష తేదీ చెప్పదు, ఉజ్జాయింపు చెబుతుంది. 2023లో సుప్రీంకోర్టు ఒక పోక్సో కేసులో టి.సి., అడ్మిషన్ రిజిస్టరు నకలు చాలవంది. పదిహేడేళ్ల పిల్లకు పద్దెనిమిది దాటాయని తేలితే పోక్సో ఎగిరిపోతుంది. పెద్దకులపు పిల్లను ప్రేమించిన మన పిల్లగాడి విషయంలోనూ ఆ తేదీయే వాడు లాకప్పుకు పోవాలో, బాలల బోర్డు ముందుకు పోవాలో తేలుస్తుంది.

ఏడాది దాటిన పుట్టుకను రాయించాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఆర్డీఓ ఆఫీసులో అడగండి. మీ వాడల్లో జనన పత్రం లేని పిల్లల పేర్లు రాసి వచ్చే మీటింగుకు తెండి. మా బళ్ల రిజిస్టర్లు మేము చూసుకుని వస్తాం.